బియ్యం వచ్చిన దారి, నీళ్లు రావలసిన దారి

గుంటూరు వైపు నుంచి బండి వస్తోందని మార్కాపురం రోడ్డు స్టేషన్లో మైకు రెండోసారి చెప్పింది. మీరు ప్లాట్‌ఫారం మీద చెట్టు నీడ వెతుక్కుని నిలబడ్డారు. ఆశ్వయుజ మాసం. వాన వెలిసి నాలుగు రోజులైనా కాలేదు, ఎండ మాత్రం చుర్రుమంటోంది. మీ కాళ్ల దగ్గర ఎవరివో గోనె సంచులు, చుట్టి కట్టిన దుప్పట్లు, ఒక స్టీలు బిందె, దాని మూతికి గుడ్డ కట్టి లోపల గిన్నెలు. ఇంటిల్లిపాదీ బయల్దేరారని ఆ బిందెను చూస్తేనే తెలుస్తుంది.

"యాడికన్నా ప్రయాణం?"

"బెంగుళూరుకు. బిల్డింగు పని."

"పొలం లేదా?"

"మూడెకరాలుంది. బోర్లో నీళ్లే లేవు."

అంతే చెప్పి ఆయన పట్టాల వైపు చూస్తాడు. పక్కన ఆయన భార్య పిల్ల చేత నీళ్ల సీసా పట్టిస్తూ, ఒలకబొయ్యొద్దే అని కసురుతోంది. సీసాలోవి కొన్న నీళ్లు. మార్కాపురం, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది కాబట్టి తాగేందుకు క్యాను కొనడం ఇక్కడ ఉన్నవాడికీ లేనివాడికీ తప్పని ఖర్చు.

బండి వచ్చింది. కరెంటు ఇంజను, నీలం పెట్టెలు. జనం దిగకముందే ఎక్కేవాళ్లు తలుపుకు అడ్డం పడ్డారు. మీరూ సందు చూసుకుని ఎక్కండి. కుడివైపు కిటికీ దొరికితే వదలొద్దు. ఇక్కడి నుంచి గిద్దలూరు దాకా నల్లమల అటువైపే కనిపిస్తుంది. ఎడమ వైపు దూరంగా నడిచేవి వెలిగొండలు. ఈ రెండు కొండల వరసల నడుమ పడి ఉన్న నేలే పశ్చిమ ప్రకాశం. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాతి ప్రకాశం) ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లావి. ఇప్పటికీ ఇక్కడి మాటలో సగం కర్నూలు వినిపిస్తుంది.

స్టేషను దాటాక పలకరాయి కుప్పలు చూడండి. నల్లగా, బూడిదరంగుగా, పొరలు పొరలుగా చీలిన రాళ్లు. మన తాతల కాలం నుంచి బడిపిల్లలు ఓనమాలు దిద్దిన పలకలు మార్కాపురానివే. ఆ పలక పోయి నోటుపుస్తకం వచ్చింది. రాయి మాత్రం ఇంటి గోడలకు, గచ్చులకు ఇంకా కోస్తూనే ఉన్నారు. ఈ రాయిని గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని పడుతుంది.

తర్లుపాడు వచ్చింది, ఆగింది, కదిలింది. బొరుగులవాడు ఎక్కాడు. ఇక కంభం దాకా కందిచేలు, పత్తిచేలు, మధ్యమధ్య ఏమీ వేయని బీళ్లు. ఈ బీళ్లను చూస్తూ ఒక సంగతి వినండి. ఈ రైలుదారి ఎవరో ఇక్కడి జనం కోరితే వేసింది కాదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని చుట్టేసిన ధాత కరువులో కర్నూలు, బళ్లారి జిల్లాల జనం లెక్కలేకుండా చచ్చారు. కృష్ణా డెల్టాలో మాత్రం 1855 నాటి ఆనకట్ట పుణ్యమా అని వరి పండుతోంది. అక్కడి గింజ ఎద్దుల బళ్ల మీద ఇక్కడికి చేరేసరికి ఆలస్యమూ అయ్యేది, ధరా పెరిగేది. కరువు పోయాక వేసిన కమిషన్, 1880లో ఇచ్చిన నివేదికలో కరువు సీమలకు రైళ్లు వేయమంది. ఆ వరసలో పుట్టినదే బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే. మీటరు వెడల్పు పట్టాలు. డెల్టాకూ బళ్లారికీ మధ్య అడ్డంగా నల్లమల ఉంది. దాన్ని దాటాలంటే గిద్దలూరు దగ్గరి కనుమే దారి.

సర్కారు పట్టాలు వేస్తే బండ్లు నడిపింది సదరన్ మరాఠా కంపెనీ. 1890 నాటికి బెజవాడ నుంచి గుంతకల్లు మీదుగా పడమటి తీరంలోని మార్మగోవా రేవు దాకా దారి కలిసింది. కృష్ణా డెల్టా నుంచి పడమటి సముద్రానికి మీటర్‌గేజి బండి. కరువు పేరు చెప్పి వేసిన దారి రేవు వ్యాపారానికీ పనికొచ్చింది, దొరలు ఆ లెక్క వేసుకోకుండా ఉండరు. అయినా ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి: కరువు ముగిసిన పన్నెండేళ్లకు కొండ తొలిచి మరీ బండి నడిపారు. పన్నెండేళ్లు. ఈ అంకెను కూడా ఆ రాయి పక్కనే పెట్టుకోండి.

కంభం. స్టేషన్లో కాసేపు ఆగుతుంది, కాళ్లు సాగదీసుకోవచ్చు. ఊరి పక్కన ఉన్న చెరువును చూడాలంటే దిగిపోవాలి, ఈసారికి వద్దు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల సందులోంచి పారిపోతుంటే, ఆ సందుకు కట్ట కట్టి నిలబెట్టిన చెరువది. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. ఎక్కడ కట్ట వేస్తే ఎంత నీరు ఆగుతుందో కనిపెట్టిన కన్ను ఎవరిదో గాని, అయిదు వందల ఏళ్ల తర్వాత ఇంజనీర్లు మళ్లీ అదే ఎత్తు వేశారు, కొండల మధ్య సందులు మూసి నీళ్లు నిలపడం. అక్కడికి తర్వాత వెళ్దాం.

జగ్గంబొట్ల కృష్ణాపురం, సోమిదేవిపల్లి. ఈ స్టేషన్లు రోజూ ఇదే బండిలో తిరిగేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండవు. ఒంటి లైను రోజుల్లో ఇలాంటి చోటే క్రాసింగు పేరుతో అరగంట, ముప్పావుగంట పడేసేవాళ్లు. ఎదుటి బండి వచ్చేదాకా జనం పట్టాల మీద కూర్చుని పేకాడుకునేవాళ్లు. గుంటూరు–గుంతకల్లు మధ్య 401 కిలోమీటర్ల రెండో లైను 2016–17లో మంజూరైంది. ఖర్చులో సగం రైల్వేది, సగం రాష్ట్రానిది. పని ముక్కలు ముక్కలుగా సాగింది. దానికి ముందు ఇంకో పెద్ద మార్పు జరిగింది. 1992లో మొదలైన యూనిగేజి పథకంతో మీటర్‌గేజి పట్టాలు పీకి, అయిదడుగుల ఆరంగుళాల బ్రాడ్‌గేజి వేశారు. పెద్ద బండి చిన్న బండి తిరిగినంత ఇరుకు వంపుల్లో తిరగలేదు. అందుకే కనుమలో దారినే మార్చాల్సివచ్చింది. ఏం మార్చారో గిద్దలూరు దాటాక తెలుస్తుంది.

గిద్దలూరులో పెట్టె సగం ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి సీతాఫలాల గంపలు ఎక్కాయి. నల్లమల సీతాఫలం ఈ నెలలోనే. గంపలో ఆకులు పరిచి, కళ్లు విచ్చిన కాయలు పైన పేర్చి పెట్టారు. తెల్ల జుట్టు పెద్దామె ఒకామె మీ ఎదుటి సీట్లో గంప కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది.

"అబ్బాయ్, ఇది దిగువమెట్టలో ఆగుద్దా?"

"ఆగుద్ది పెద్దమ్మా. నంద్యాల పోవా నువ్వు?"

"నంద్యాలే. మా మనవడు దిగువమెట్టలో ఎక్కుతాడు. వాడికి పెట్టె తెలవదు." మీ చేతిలో ఒక కాయ పెట్టి డబ్బులు తీసుకోనంది. తినేదాకా చూసి, గింజలు కిటికీలోంచి ఊయమంది, మొలుస్తాయట.

దిగువమెట్టలో మనవడు దొరికాడు. బండి కదిలి నాలుగు నిమిషాలు కాకముందే గాలి మారింది. చల్లదనం, తడిసిన ఆకు వాసన. ఇక గాజులపల్లి దాకా ఊళ్లు లేవు, మధ్యలో చలమ అనే అడవి స్టేషను ఒకటి. బండి వంపు తిరిగినప్పుడు మీ పెట్టెలోంచే ఇంజను కనిపిస్తుంది. టేకు, నల్లమద్ది, వెదురు. కింద లోయలో వాగు మెరిసి మాయమైంది. తలుపు దగ్గర కుర్రాళ్లు ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

ఇక్కడ అడవి లోపల పాతదారి పడి ఉంది. దొరబావి దగ్గర లోయను దాటేందుకు 1880లలో కట్టిన ఎత్తైన వంతెన, దాని దారిలోనే బొగద దగ్గరి పాత సొరంగం. గేజి మార్చినప్పుడు కొత్త దారి వేరే వరసలో తీసి, కొత్త సొరంగం తొలిచారు. పాతదాన్ని అడవికి వదిలేశారు. చూడటానికి వెళ్లేవాళ్లు దొంగచాటుగా కాకుండా అటవీశాఖను అడిగి వెళ్లండి, అది పులులు తిరిగే అడవి.

కూత వేసింది. పెట్టెలో లైట్లు వెలిగేలోపే చీకటి మీద పడింది. పిల్లలూ పెద్దలూ ఒక్కసారి కేకలు పెట్టారు. ఈ సొరంగంలో అరవడం ఆనవాయితీ, ఎవరు మొదలుపెట్టారో అడక్కండి. చక్రాల చప్పుడు గోడకు తగిలి రెండింతలై చెవిలో పడుతోంది. కిటికీకి జానెడు దూరంలో గోడ పరుగెడుతోంది, దాని మీద నీటి చారలు. చెయ్యి బయట పెట్టకండి. పెద్దమ్మ గంపను ఇంకా దగ్గరికి లాక్కుంది.

ఈ చీకట్లో ఉండగానే ఆలోచించండి. ఈ కొండను మొదటిసారి తొలిచినవాళ్ల దగ్గర సమ్మెట, ఉక్కు గడారం, పేలుడు మందు ఉన్నాయి. రాతిలో గుంత కొట్టడం, మందు కూరడం, పేల్చి పొగ పోయేదాకా ఆగి రాళ్లు మోయడం. అదే 1890 చివర్లో లండన్లో థేమ్స్ నది కింది నుంచి మొదటి కరెంటు పాతాళ రైలు నడిచింది. అక్కడ మెత్తటి బంకమట్టి, ఆ మట్టి కూలకుండా ఇనుప కవచాన్ని ముందుకు నెట్టుకుంటూ తవ్వారు. ఇవాళ మెట్రోలు తవ్వే యంత్రానికి ఆ కవచమే మూలం. మన కొండకు కవచం పనిలేకపోయింది. రాయి తన కాళ్ల మీద తాను నిలబడింది. కానీ ఈ నల్లమలలో అంతా ఒకే రాయి కాదు, కొన్నాళ్లకు ఆ సంగతి ఇంకో సొరంగం తవ్వేవాళ్లకు తెలిసొచ్చింది.

వెలుతురు. అందరి కళ్లూ చికిలించాయి. ఇక దిగుడు, గాజులపల్లి, నంద్యాల. బెంగుళూరు పోయే కుటుంబం అప్పుడే సంచులు సర్దుకుంటోంది. వాళ్లను సాగనంపి మీరు వెనక్కి రండి. మిగతా కథ ఇటువైపు కొండ కింద ఉంది.

మర్నాడు మార్కాపురం నుంచి శ్రీశైలం పోయే రోడ్డెక్కి, దోర్నాల దగ్గర ఎగువ చెర్లోపల్లికి రండి. ఎదురుగా మళ్లీ నల్లమల. దాని అడుగున రెండు నోళ్లు. ఒకటి 7 మీటర్ల వెడల్పు, ఇంకోటి 9.2 మీటర్లు. రెండోదాని లోపల మూడంతస్తుల మిద్దె పట్టేస్తుంది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలివి. ఈ నీటి కోసం జనాన్ని కూడగట్టిన మార్కాపురం ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడి పేరు పెట్టారు. అటు చివర శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు. మధ్యలో ఒక్కో సొరంగం 18.8 కిలోమీటర్లు.

నోటి దగ్గర నిలబడి లోపలికి చూడండి. నాలుగడుగులు వేయగానే ఎండ వెనకపడుతుంది. పేరు పెట్టి కేకేస్తే గొంతు లోపలికి పోయి, తిరిగొచ్చేలోపు మీరే మర్చిపోతారు. కాళ్ల కింద తడి. ఇది ఊట నీరు, కృష్ణ కాదు.

తవ్విన తీరు చెప్పాలి, ఎందుకంటే ఆలస్యానికి రాజకీయం ఒక్కటే కారణమని ఊళ్లో అనుకుంటారు. చెన్నైలోనో బెంగుళూరులోనో పాతాళ మెట్రో తవ్వేటప్పుడు కిలోమీటరుకో స్టేషను గొయ్యి ఉంటుంది. యంత్రాన్ని అక్కడ దింపొచ్చు, చెడితే అక్కడ తీయొచ్చు, మట్టిని అక్కడి నుంచే లాగొచ్చు. స్విట్జర్లాండులో 57 కిలోమీటర్ల గోట్‌హార్డ్ రైలు సొరంగానికీ మధ్యలో సెడ్రున్ దగ్గర 800 మీటర్ల బావి దింపి అక్కడి నుంచి రెండు వైపులా తవ్వారు. ఇక్కడ పైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. మధ్యలో ఎక్కడా పైనుంచి రంధ్రం పెట్టడానికి లేదు. గాలి, మనిషి, సిమెంటు, యంత్రం విడిభాగాలు అన్నీ ఈ ఒక్క నోటి నుంచే కిలోమీటర్ల కొద్దీ లోపలికి పోవాలి, తవ్విన రాయంతా ఇక్కడికే రావాలి. అడవిని ముట్టుకోకపోవడం సరైన పనే. దానికి కట్టిన మూల్యం కాలం.

ఇప్పుడు ఆ పలకరాయిని బయటికి తీయండి. కొండ లోపల ఒకచోట క్వార్ట్‌జైట్, యంత్రపు ఉక్కు బిళ్లల్ని అరగదీసేంత గట్టిరాయి. ఇంకోచోట షేలు, పలకరాయి, పొరలు పొరలుగా ఊడి యంత్రం మీద పడేవి. గట్టిదాన్ని కోసే యంత్రానికి ఒదులురాయి పగ. రెండో సొరంగంలో యంత్రం మొరాయించి, మిగిలిన కిలోమీటర్లు చివరికి మనుషులే మందు పెట్టి పేల్చి తవ్వారు, సమ్మెట పోయి డ్రిల్లు వచ్చింది గాని పద్ధతి 1880ల నాటిదే. మొదటి సొరంగం 2021 జనవరిలో అవతల తేలింది, రెండోది 2024 జనవరిలో. ఇదే అడవికి ఉత్తరాన తెలంగాణ వైపు, ఇలాగే మధ్యలో రంధ్రం లేకుండా తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్సెల్బీసీ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. చెర్లోపల్లి నోటి దగ్గర నిలబడ్డవాళ్లు ఈ పని చేసిన కూలీలకు ఒక నమస్కారం పెట్టి కదలాలి.

లెక్క ఇది. రెండు సొరంగాల్లో కలిపి 11,500 క్యూసెక్కులు, అంటే దాదాపు రోజుకో టీఎంసీ. కృష్ణకు వరద ఉన్న నెలన్నరలో 43.5 టీఎంసీలు లాగి నల్లమలసాగర్ అనే జలాశయంలో నింపాలి. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు. నిన్న ప్లాట్‌ఫారం మీద బిందె పెట్టుకున్న ఆయన మూడెకరాలు కూడా ఈ అంకెలో ఎక్కడో ఉండొచ్చు.

ఇక చివరి చోటికి, గొట్టిపడియకు రండి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు చోట్ల కొండల మధ్య సందుల్ని ఆనకట్టలతో మూశారు. కంభం చెరువు కిటుకే, పెద్ద కొలత మీద. కట్ట మీద నిలబడితే లోపలి వైపు పొలాలు, చింతచెట్లు, ఇళ్లు కనిపిస్తాయి. సుంకేసుల, కలనూతల, గొట్టిపడియ సహా 11 ఊళ్లు ఈ సాగరం అడుగున పడేవి. 1996 మార్చి 5న ఈ ప్రాజెక్టుకు చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేసింది ఇక్కడే. 2004 తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జలయజ్ఞం సాగునీటి పథకాల్లో పెట్టి తవ్వకం మొదలుపెట్టింది. 2024 మార్చిలో జగన్మోహన్‌రెడ్డి సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజుకి ముంపు ఊళ్ల పరిహారం మిగిలే ఉంది, సొరంగం నోటి నుంచి ఈ సాగరానికి నీళ్లు తేవాల్సిన 21.8 కిలోమీటర్ల ఫీడరు కాలువ పనీ మిగిలే ఉంది. ముగ్గురు ముఖ్యమంత్రుల పేర్లూ చెప్పాను, ఎవరి వంతు ఎంతో పంచుకోవడం వాళ్ల పార్టీలకు వదిలేద్దాం. ధాత కరువు తర్వాత బియ్యం బండికి పన్నెండేళ్లు పట్టింది. శంకుస్థాపన నుంచి సొరంగాలు రెండూ తెగేదాకానే ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

దొరల పాలన బాగుందని ఈ పోలిక తేలేదు. వాళ్లు తెచ్చింది బండి మాత్రమే, అందులో వచ్చే బియ్యం కొనే డబ్బు తేలేదు. పండించుకునే నీళ్లూ ఇవ్వలేదు. అందుకే 1890లో గింజను ఇటు తేవడానికి వేసిన పట్టాల మీద ఇవాళ ఇక్కడి మనుషులు అటు పోతున్నారు.

ఈసారి ఎవరైనా మీ ఊరొచ్చి వెలిగొండ పూర్తయిందని చెబితే చప్పట్లకు ముందు రెండు మాటలు అడగండి. ముంపు ఊళ్లవాళ్లకు ఇళ్లూ డబ్బూ ముట్టాయా? ఫీడరు కాలువలో ఇవాళ ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయి?